నిందకు నూరు పేర్లు, ద్వేషానికి పేరేదీ?

ఏ సమాజమైనా తాను తప్పనుకున్న మనిషికి పేరు పెట్టడంలో చూపే చురుకుదనం, ఆ మనిషి పట్ల తాను చేసే తప్పుకు పేరు పెట్టడంలో చూపదు. 'అంటరానివాడు' అనే మాట మన ఊళ్లలో ఎన్ని తరాలుగానో చెల్లుబాటవుతూ వచ్చింది. 'అంటరానితనం' అనేది ఒక దురాచారం పేరుగా, ఒక నేరం పేరుగా స్థిరపడడానికి మాత్రం ఉద్యమాలు కావలసివచ్చాయి. 1950లో అమలులోకి వచ్చిన రాజ్యాంగం 17వ అధికరణంలో దాన్ని రద్దు చేసింది. అక్కడ రద్దయినది మనిషి పట్ల చూపే వైఖరి అన్న సంగతి గమనించాలి. అలాగే 'గొడ్రాలు', 'గయ్యాళి', 'ముండమోసింది' వంటి మాటలు ఏనాటివో. వాటి వెనకనున్న 'పితృస్వామ్యం', 'పురుషాధిక్యత' మన విమర్శలో పేర్లుగా నిలదొక్కుకున్నది నిన్నమొన్ననే.

స్వలింగ ప్రేమ విషయంలో తెలుగు ఇంకా మొదటి మెట్టు మీదే ఉంది. మగవాణ్ణి ప్రేమించే మగవాణ్ణి, స్త్రీని ప్రేమించే స్త్రీని నిందించడానికి మనకు మాటలకు కొరత లేదు. ఆ నిందకు, ఆ వెలివేతకు, ఆ ద్వేషానికి పేరేమిటని అడిగితే ఇంగ్లీషు వైపు చూస్తాం. ఇది నిఘంటుకారుల సమస్య మాత్రమే అనుకుంటే పొరపాటు. పేరు లేని అన్యాయాన్ని అన్యాయమని రుజువు చేయడమే కష్టం. అందుకే ఈ మాటల చరిత్రను కొంత వివరంగా చూడవలసి ఉంది.

1

ముందు మన దగ్గర ఉన్న సరుకు లెక్కపెట్టుకుందాం. పాత నిఘంటువుల్లో 'పేడి' ఉంది, 'నపుంసకుడు' ఉంది. వాడుకలో 'ఆడంగి', 'కొజ్జా', 'మాడా' ఉన్నాయి. భారతం నుంచి 'బృహన్నల'ను, 'శిఖండి'ని తెచ్చుకున్నాం. భారతంలో బృహన్నల ఉత్తరకు నాట్యం నేర్పిన గురువు; శిఖండి భీష్ముడంతటివాడి పతనానికి కారణమైన యోధుడు. వీధిలోకి వచ్చేసరికి ఆ రెండు పేర్లూ తిట్లయిపోయాయి.

'కొజ్జా' కథ ఇంకా ఆలోచించదగినది. దీని మూలం 'ఖ్వాజా'. ఆ మాటకు ప్రభువు, పెద్ద అని అర్థం. మొగలు దర్బారులోనూ దక్కను దర్బారుల్లోనూ అంతఃపుర వ్యవహారాలు చూసే నపుంసక ఉద్యోగులను 'ఖ్వాజాసరా'లనేవారు. వాళ్లలో కొందరు పెద్ద అధికారాలే చెలాయించారు. దర్బారులు పోయాయి, కొలువులు పోయాయి. గౌరవవాచకం తెలుగు వీధిలో తిట్టుగా మిగిలింది. మాటకు భౌతిక పునాది ఉంటుందనడానికి ఇంతకన్న వేరే నిదర్శనం అక్కర్లేదు. మనిషి చేతిలో అధికారం ఉన్నన్నాళ్లూ మాటకు మర్యాద ఉంది. అధికారం జారగానే మాట కూడా దిగజారింది.

ఈ తిట్లలో మూడు సంగతులు గమనించాలి. మొదటిది, అవి రెండు వేర్వేరు విషయాలను కలగలిపేస్తాయి. తాను స్త్రీనా పురుషుడినా అన్న గుర్తింపు ఒకటి. తాను ఎవరిని ప్రేమిస్తాడన్నది మరొకటి. హిజ్రాల జీవితసమస్య మొదటిదానికి చెందినది. స్వలింగ ప్రేమికుల సమస్య రెండోదానికి చెందినది. ఒకరిలోనే రెండూ ఉండవచ్చు, ఉండకపోవచ్చు. తిట్టేవాడికి ఈ భేదంతో పనిలేదు. ఎందుకంటే అతని దృష్టిలో అసలు నేరం 'మగతనం' నుంచి జారిపోవడమే. మగపుట్టుక పుట్టి ఆడదానిలా ఉండడాన్ని మించిన అవమానం లేదని నమ్మే సమాజంలో ఈ తిట్లు పుట్టాయి. కనక వీటి వేరు స్త్రీ పట్ల ఉన్న చిన్నచూపులోనే ఉందని చెప్పక తప్పదు.

రెండోది, స్త్రీని ప్రేమించే స్త్రీకి తెలుగులో తిట్టు కూడా సరిగా లేదు. 'మగరాయుడు' అన్న మాట ఆమె నడకను, గొంతును వెక్కిరిస్తుందే తప్ప ఆమె ప్రేమ దాకా పోదు. తిట్టు లేకపోవడం ఆదరణకు గుర్తు కాదు. అలాంటి కోరిక ఒక స్త్రీకి ఉండగలదని ఊహించడానికి కూడా సమాజం ఒప్పుకోలేదన్నమాట. ఆమెకు సంబంధం చూసి పెళ్లి చేసేస్తారు. అక్కడితో సమస్య తీరిందనుకుంటారు. మౌనం కూడా ఒక వైఖరే.

మూడోది, కొత్త తరం తిట్లలో మాట పోయి అంకె వచ్చింది. తమిళంలో 'తొమ్మిది' అన్న అంకె తిట్టు. హిందీలో, హైదరాబాదు ఉర్దూలో 'ఛక్కా' తిట్టు. ఆ మాటకు ఆరు అనే అర్థం ఉంది. తెలుగు యువకుల నోట 'పాయింట్ ఫైవ్' తిట్టు. ఒకటిగా లెక్కకు రానివాడు, సగం మనిషి అని దాని భావం. దానికి తోడు 'తేడా'. లెక్కల్లో, కొలతల్లో, త్రాసులో వాడుకునే ఈ మామూలు తెలుగు మాటను సినిమా హాస్యం ఎత్తుకుపోయి, ఒక మనిషిని చూపి నవ్వించడానికి వాడింది. 'వాడు తేడా' అంటే చాలు, హాలంతా నవ్వుతుంది. ఎందులో తేడా, ఎవరితో పోలిస్తే తేడా అన్న ప్రశ్న ఆ నవ్వులో మునిగిపోతుంది.

ఇక మర్యాదస్తుల మాట 'స్వలింగ సంపర్కం'. మన పత్రికలు ఎక్కువగా వాడేది ఇదే. ఇందులో తిట్టు లేదు నిజమే. కాని మనిషి మొత్తాన్ని ఒక శారీరక చర్యకు కుదించే గుణం ఉంది. పెళ్లిపందిట్లో కూచున్న వధూవరులను ఏ విలేకరీ 'భిన్నలింగ సంపర్కులు' అని రాయడు. వాళ్లకు ప్రేమ, దాంపత్యం, సంసారం, కష్టసుఖాలు ఉన్నాయని మనకు తెలుసు. వీళ్లకు మాత్రం సంపర్కమే ఉందని భాష చెబుతోంది.

2

ఈ నిందలన్నిటికీ శాస్త్రప్రమాణంలా నిలబడిన మాట 'ప్రకృతి విరుద్ధం'. ఇది మన ఊళ్లో పుట్టిన మాట కాదు. 1860లో బ్రిటిషు పాలకులు తయారుచేసి 1862 నుంచి అమలు జరిపిన భారత శిక్షాస్మృతి 377వ సెక్షనులోని ఇంగ్లీషు పదబంధానికి ఇది తెలుగు. ఇంగ్లండు చర్చి నీతిలోని పాపం వలస పాలనలో నేరమైంది. నేరం కోర్టు కాగితాల ద్వారా తెలుగులోకి వచ్చింది. అక్కణ్ణుంచి అది పాఠకుడి మనసులో నిజమై కూచుంది.

తెలుగు వ్యాకరణం చదివినవాళ్లకు ప్రకృతి, వికృతి అన్న జంట కొత్త కాదు. 'విద్య' ప్రకృతి, 'విద్దె' వికృతి. 'రాత్రి' ప్రకృతి, 'రాతిరి' వికృతి. వికృతి అంటే అక్కడ రూపం మారినదని అర్థం, అసహ్యమైనదని కాదు. వికృతులన్నీ తీసేస్తే తెలుగులో సగం నోరు మూతపడుతుంది. అదే మాటను మనిషికి అంటించినప్పుడు 'వికృత చేష్ట' అయింది. ఇంకొక విశేషం చూడండి. వాత్స్యాయనుడి కామసూత్రం ఇలాంటి కొందరిని 'తృతీయా ప్రకృతి' అంది. అంటే ఏ మాట పేరుతో వలసచట్టం వీళ్లను బయటికి నెట్టిందో, ఆ మాటతోనే పాత గ్రంథం వీళ్లను ఒక రకం మనుషులుగా గుర్తించింది.

దీన్నిబట్టి ప్రాచీన భారతం స్వర్గమని, ద్వేషమంతా ఇంగ్లీషువాడు ఓడలో తెచ్చాడని వాదించేవాళ్లున్నారు. అది చరిత్ర కాదు. మనుస్మృతిలో ఇలాంటి చర్యలకు శిక్షలూ ఉన్నాయి, ప్రాయశ్చిత్తాలూ ఉన్నాయి. గుర్తించడం వేరు, సమానంగా చూడడం వేరు. కులవ్యవస్థ కూడా ప్రతి మనిషినీ గుర్తించింది. ఎక్కడ కూచోవాలో చెప్పడానికి గుర్తించింది. వలసపాలన చేసిన పని ఏమిటంటే, చెదురుమదురుగా ఉన్న నిందను ఒక కేంద్రీకృత రాజ్యం చేతిలో పోలీసు అధికారంగా మార్చడం.

హైదరాబాదు సంస్థానం ఈ విషయంలో బ్రిటిషు ఇండియా కన్న వెనకబడలేదు. 1871లో బ్రిటిషువాళ్లు చేసిన క్రిమినల్ ట్రైబ్స్ చట్టం రెండో భాగం నపుంసకుల పేర్లు పోలీసు పట్టికలో ఎక్కించమంది. నిజాం ప్రభుత్వం 1329 ఫస్లీలో, అంటే 1919 ప్రాంతంలో, అదే అచ్చులో తన చట్టం చేసింది. హైదరాబాదు నగరంలో ఉంటూ, పిల్లలను ఎత్తుకుపోతారనో 'అసహజ నేరాలు' చేస్తారనో అనుమానం ఉన్న నపుంసకుల పేర్లతో పట్టిక ఉంచాలి. పట్టికలో ఉన్నవారు స్త్రీ వేషంలో, నగలతో బహిరంగస్థలంలో కనిపిస్తే వారంటు లేకుండా పట్టుకోవచ్చు. ఆడి పాడినా అంతే. రెండేళ్ల దాకా జైలు. చేసిన నేరం వల్ల కాక, అనుమానం వల్లనే మనిషి పట్టికకెక్కడం ఈ చట్టం స్వభావం.

బ్రిటిషువారి క్రిమినల్ ట్రైబ్స్ చట్టం స్వాతంత్ర్యం వచ్చిన కొద్ది కాలానికే రద్దయింది. నిజాం చట్టం మాత్రం సంస్థానం విలీనమైనా పోలేదు, ఆంధ్రప్రదేశ్ ఏర్పడినా పోలేదు, తెలంగాణ వచ్చినా పోలేదు. వైజయంతి వసంత మొగ్లి తదితరులు న్యాయస్థానానికి వెళితే, 2023 జులైలో తెలంగాణ హైకోర్టు అది రాజ్యాంగ విరుద్ధమని కొట్టివేసింది. నూరేళ్లకు పైగా ఒక అనుమానం చట్టపు పుస్తకంలో బతికి ఉంది. అది బతికి ఉన్నన్నాళ్లూ ఆ అనుమానానికి మన భాషలో 'వివక్ష' అన్న పేరు రాలేదు; 'శాంతిభద్రతలు' అన్న పేరుతోనే చెల్లిపోయింది.

3

ఇక ఇంగ్లీషు నుంచి మనకు వచ్చిన 'హోమోఫోబియా' అనే మాట సంగతి. దీని చరిత్ర తెలియకుండా దీన్ని తెలుగు చేయడానికి పూనుకుంటే దెబ్బతింటాం.

'హోమోసెక్షువల్' అన్న మాటను మొదట కూర్చినవాడు కెర్ట్‌బెనీ అనే హంగేరీ రచయిత. 1868లో ఒక ఉత్తరంలో రాశాడు. 1869లో ప్రష్యా శిక్షాచట్టాన్ని ఖండిస్తూ వేసిన కరపత్రంలో అచ్చువేశాడు. 'హెటిరోసెక్షువల్' అన్న మాట కూడా ఆ ఉత్తరంలోదే. శిక్ష నుంచి మనిషిని రక్షించడానికి పుట్టిన ఈ మాటను త్వరలోనే వైద్యులు తీసుకుని రోగం పేరుగా మార్చారు. 1952లో అమెరికా మనోరోగవైద్యుల సంఘం తయారుచేసిన రోగాల పట్టికలో అది చేరింది.

ఈ దశలో జార్జి వైన్‌బర్గ్ అనే అమెరికను మనస్తత్వవేత్త ప్రశ్నను తిరగేశాడు. రోగం ప్రేమించేవాడిదా, అతన్ని చూసి వణికిపోయేవాడిదా అని అడిగాడు. 1960ల నడుమ ఆయన ఆలోచనలో రూపుదిద్దుకున్న 'హోమోఫోబియా' 1969లో అచ్చులోకి వచ్చింది, 1972లో వెలువడిన ఆయన గ్రంథంతో ప్రచారం పొందింది. మరుసటి ఏడే, 1973లో, వైద్యుల సంఘం స్వలింగ ప్రేమను రోగాల పట్టిక నుంచి తీసివేసింది. ఒక్క మాటే ఈ పని చేసిందనడం అతిశయోక్తి. వెనక వీధుల్లో నడిచిన పోరాటం ఉంది. కాని చూపును నిందితుడి మీద నుంచి నిందించేవాడి మీదికి మళ్లించిన ఘనత ఆ మాటది.

అయితే ఆ మాటలో ఉన్న లోపాన్ని పశ్చిమదేశాల విమర్శకులే త్వరగా పసిగట్టారు. ఫోబియా అంటే అకారణ భయం, ఒక మానసిక రుగ్మత. నీళ్లకు భయపడేవాడు చెరువు దరికి పోడు. చెరువును పూడ్చడానికి మనుషులను పోగుచేయడు. స్వలింగ ప్రేమికులను ద్వేషించేవాడు పారిపోడు. వెంటబడతాడు, ఇల్లు ఖాళీ చేయిస్తాడు, ఉద్యోగం ఊడగొడతాడు, చట్టం చేస్తాడు. దీన్ని భయమని పిలిస్తే అతన్ని రోగిని చేసి క్షమించినట్టవుతుంది. అందుకని 1970లలోనే స్త్రీవాదులు, ఉద్యమకారులు 'హెటిరోసెక్సిజం' అన్న మాటను తెచ్చారు. స్త్రీపురుష దాంపత్యమే సహజం, తక్కినవన్నీ తక్కువ అని నమ్మే వ్యవస్థకు అది పేరు. 1980లో అమెరికను కవయిత్రి ఏడ్రియెన్ రిచ్, స్త్రీలకు పురుషుడితో బతుకు ఇష్టంగా కాక నిర్బంధంగా ఎలా మారుతుందో వివరించింది. 2000లో హెరెక్ అనే మనస్తత్వవేత్త భయం అన్న మాటే వదిలి 'పక్షపాతం' అనే అర్థమిచ్చే మాట వాడదామన్నాడు. 2012లో అసోసియేటెడ్ ప్రెస్ వార్తాసంస్థ కూడా తన విలేకరులను ఈ 'ఫోబియా' పదం మానుకోమంది.

ఈ చరిత్ర సారాంశం ఒకటే: పాపం, నేరం, రోగం అని మనిషికి అంటించిన పేర్లు ఒక్కొక్కటే రాలిపోతూ, చివరికి పేరు పెట్టవలసింది వ్యవస్థకని తేలింది.

4

ఇప్పుడు మన గడ్డ మీదికి వద్దాం. 1998 నవంబరు 22న మాదాపూరులో సైబర్ టవర్సును ప్రధాని వాజపేయి ప్రారంభించాడు. రాళ్లగుట్టల మధ్య హైటెక్ సిటీ మొదలైంది. ఆ తర్వాత పది రోజులకే, ఇద్దరు స్త్రీల ప్రేమను చూపిన 'ఫైర్' సినిమా ఆడుతున్న హాళ్ల మీద బొంబాయిలో, ఢిల్లీలో దాడులు జరిగాయి. విదేశీ పెట్టుబడికి ఎర్రతివాచీ పరిచిన దేశంలోనే, ఇద్దరు ఆడవాళ్ల ప్రేమ మాత్రం విదేశీ సంస్కృతి అయిపోయింది. ఈ రెండు సంఘటనలూ ఒకే కాలానివని గుర్తుంచుకుంటే సైబరాబాదులో ఈ మాటల నడక బాగా అర్థమవుతుంది.

మాదాపూరు, గచ్చిబౌలి, కొండాపూరు, నానక్‌రాంగూడలలో పాతికేళ్లలో రెండు పదజాలాలు పక్కపక్కనే పెరిగాయి. అద్దాల మేడలో పదో అంతస్తులో ఇంగ్లీషు పదజాలం. అక్కడ 'డైవర్సిటీ' ఉంది, 'ఇన్‌క్లూజన్' ఉంది, వివక్ష మీద శిక్షణ తరగతులున్నాయి. జూన్ నెలలో కంపెనీ గుర్తుకు ఇంద్రధనుస్సు రంగులు వేసుకోవడం ఉంది. అదే మేడ కింద టీబండి దగ్గర, పక్కవీధి హాస్టలు గదిలో, క్యాబు వరసలో తెలుగు పదజాలం. అక్కడ 'తేడా', 'పాయింట్ ఫైవ్', 'ఛక్కా'. పై అంతస్తులో ద్వేషానికి పేరుంది. కింద ద్వేషానికి గురయ్యే మనిషికే పేరుంది. లిఫ్టు దిగి బయటికి వచ్చిన ఉద్యోగి కూడా భాష మార్చినప్పుడు ఆ రక్షణను పైనే వదిలి వస్తాడు.

దీన్ని వర్గదృష్టితో చూడాలి. మెడలో గుర్తింపుకార్డు ఉన్నవాడికి కంపెనీ నియమావళి ఉంది, ఫిర్యాదు చేయడానికి ఒక ఇంగ్లీషు మాట ఉంది. అదే మేడకు కాపలా కాసేవాడికి, గదులు తుడిచే స్త్రీకి, పాలమూరు నుంచో నల్లగొండ నుంచో వచ్చి బండి తోలే కుర్రవాడికి ఆ మాట లేదు. గచ్చిబౌలి కూడలిలో ఎర్రదీపం పడ్డప్పుడు కార్ల మధ్య చేయి చాపే హిజ్రాకు అసలే లేదు. వాళ్లలో ఎవరికైనా అవమానం జరిగితే దాన్ని చెప్పుకోవడానికి అవమానించినవాడి మాటే మళ్లీ వాడవలసివస్తుంది. 'నన్ను కొజ్జా అన్నారు' అనగలడే కాని, నా మీద ఫలానా నేరం జరిగింది అనలేడు.

2011 నాటి ఉదంతం దీనికి నిదర్శనం. 2009 జులైలో ఢిల్లీ హైకోర్టు, వయసొచ్చినవారు ఇష్టపూర్వకంగా జరిపే స్వలింగ చర్యలు నేరం కావని చెప్పింది. ఏడాదిన్నర తర్వాత, 2011 ఫిబ్రవరిలో, టీవీ9 చానెల్ హైదరాబాదులో గే సంస్కృతి విచ్చలవిడిగా ప్రబలిందన్న అర్థంతో ఒక కార్యక్రమం ప్రసారం చేసింది. ఒక పరిచయాల వెబ్‌సైటులో పేర్లు పెట్టుకున్న మగవాళ్లతో మోసంగా మాట్లాడి, ఆ సంభాషణలనూ ఫోటోలనూ ఊరందరికీ చూపింది. దేశవ్యాప్తంగా నిరసన వచ్చింది. జస్టిస్ జె.ఎస్. వర్మ అధ్యక్షతన ఉన్న వార్తాప్రసార ప్రమాణాల సంస్థ చానెల్‌కు లక్ష రూపాయల జరిమానా వేసి, క్షమాపణ ప్రసారం చేయమంది.

ఈ కథలో భయం ఎవరిది? కెమెరా వెనకనున్నవాళ్లది కాదు. మరునాడు ఆఫీసులో, ఇంట్లో, అద్దె ఇంటి యజమాని ముందు తలెత్తుకోలేక వణికినవాళ్లది. 'ఫోబియా' అన్న మాటను 'భయం' అని తెలుగు చేస్తే భయం చిరునామాయే మారిపోతుంది. ఇంకొకటి: అప్పటికి చట్టం ప్రకారం అది నేరం కాదు. నేరం పోయినా నింద పోలేదు. 'ప్రకృతి విరుద్ధం' ఖాళీ చేసిన కుర్చీలో 'సంస్కృతి విరుద్ధం' వచ్చి కూచుంది.

2013 ఫిబ్రవరిలో హైదరాబాదులో మొదటి క్వీర్ స్వాభిమాన యాత్ర జరిగింది. ఇంగ్లీషు 'ప్రైడ్'కు 'గర్వం' అనకుండా 'స్వాభిమానం' అనుకున్న ఆ పేరులో వివేకం ఉంది. స్వాభిమానం మన దళిత, స్త్రీ ఉద్యమాలు నలగగొట్టి నాణెం చేసిన మాట. ఆ ఏడాది డిసెంబరులోనే సుప్రీంకోర్టు ఢిల్లీ తీర్పును తిరగదోడింది. ఆ తర్వాత 2014లో ట్రాన్స్‌జెండర్ల గుర్తింపు హక్కును ఒప్పుకుంది. 2018 సెప్టెంబరు 6న 377వ సెక్షను కోరలు పీకింది. ఆ కేసులో న్యాయస్థానం తలుపు తట్టినవారిలో ఐ.ఐ.టి.లలో చదివినవాళ్లు ఇరవైమంది ఉన్నారు. 2021లో గచ్చిబౌలి పోలీసు స్టేషనులో ట్రాన్స్‌జెండర్ల కోసం ప్రత్యేక విభాగం తెరిచారు. నూరేళ్ల కిందట పట్టిక రాసిన పోలీసు వ్యవస్థే ఇప్పుడు ఫిర్యాదు రాసుకుంటానంది. అది చిన్న మార్పు కాదు. కాని ఆ ఫిర్యాదు ఏ తెలుగులో రాయాలన్నది మన ప్రశ్న.

స్వలింగ వివాహాలకు గుర్తింపు కోరుతూ 2022లో సుప్రీంకోర్టుకు వెళ్లిన జంట సుప్రియో చక్రవర్తి, అభయ్ డాంగ్ హైదరాబాదువాసులే. ఆ విచారణలో కేంద్ర ప్రభుత్వం ఇదంతా నగర సంపన్నుల ఆలోచన అని వాదించింది. 2023 అక్టోబరు 17న వచ్చిన తీర్పు వివాహహక్కును ఒప్పుకోలేదు. అయినా ప్రధాన న్యాయమూర్తి చంద్రచూడ్ తన తీర్పులో, ఈ మనుషులు నగరాల్లో పెద్ద ఉద్యోగాలు చేసేవారిలోనే కాక పల్లెల్లో పొలం పనులు చేసుకునే స్త్రీలలో కూడా ఉంటారని స్పష్టం చేశాడు. హైటెక్ సిటీని చూపి 'ఇది వాళ్ల సమస్య' అనేవారికి అది సమాధానం. పల్లెలో ఈ మనుషులు లేకపోవడం కాదు, పల్లెలో ఈ మనుషులు తమ గురించి చెప్పుకునే మాట లేకపోవడం అసలు సంగతి.

5

ఆ వాదన విన్నప్పుడు అభ్యుదయ రచయితలం మనం కాస్త తలవంచుకోవాలి. ఎందుకంటే అలాంటి మాట మన శిబిరంలోనూ వినబడింది. 'బూర్జువా పతన సంస్కృతి' అని దానికి మనం పెట్టుకున్న పేరు.

సోషలిస్టు ఉద్యమం మొదట్లో ఇలా లేదు. జర్మనీ కార్మికనేత ఆగస్ట్ బెబెల్ 1898లోనే పార్లమెంటులో స్వలింగ చర్యలను శిక్షించే చట్టాన్ని రద్దు చేయాలని మాట్లాడాడు. విప్లవం తర్వాత 1922లో వచ్చిన సోవియట్ రష్యా శిక్షాస్మృతిలో ఆ నేరమే లేదు. 1934లో స్టాలిన్ ప్రభుత్వం దాన్ని మళ్లీ నేరం చేసింది. ఆ ఏడే గోర్కీ, మన 'అమ్మ' గోర్కీ, కార్మికవర్గ మానవతావాదం గురించి రాసిన వ్యాసంలో స్వలింగ ప్రేమను ఫాసిజంతో ముడిపెట్టాడు. హిట్లరు ప్రభుత్వం అలాంటివాళ్లను నిర్బంధ శిబిరాలకు పంపిన కాలం అది. శత్రువును తిట్టడానికి, శత్రువు చేతిలో చస్తున్నవాడి పేరు వాడుకోవడమంటే ఇదే. ఈ పదజాలం ప్రపంచమంతటి అభ్యుదయ సాహిత్యం మీద నీడ వేసింది.

మన దేశంలో కథ ఇంకా ఆసక్తికరం. ఇస్మత్ చుగ్తాయి 'లిహాఫ్' కథ 1942లో వెలువడింది. భర్త ఆదరణ లేని ఒక బేగం, ఆమె దాసి నడుమ బంధాన్ని ఒక పిల్ల కళ్లతో చూపిన కథ అది. అశ్లీలమని లాహోరులో కేసు పెట్టారు. తీరా కోర్టులో, కథలో బూతు మాట ఏదో చూపించమంటే సాక్షులకు చిక్కలేదు. ఒక మామూలు మాట చూపబోయి నవ్వులపాలయ్యారు. రచయిత్రి బయటపడింది. పేరు లేని విషయాన్ని పేరు పెట్టకుండానే చెప్పడంలో ఆమె నేర్పు ఉంది. కాని పేరు లేకపోవడమే ఆమెకు రక్షణ కావడంలో ఆ సమాజపు పేదరికం ఉంది.

ఆ కేసు నడుస్తున్న కాలంలోనే, 1945 అక్టోబరులో, ఉర్దూ అభ్యుదయ రచయితల మహాసభ మన హైదరాబాదులో జరిగింది. సాహిత్యంలో అశ్లీలతను ఖండిస్తూ ఒక తీర్మానం వచ్చింది. వయసులో పెద్దవాడు, మతనిష్ఠ గలవాడు అయిన మౌలానా హస్రత్ మోహానీ లేచి దాన్ని వ్యతిరేకించాడు. తీర్మానం నెగ్గలేదు. యువ అభ్యుదయవాదుల కన్న ఒక మౌలానా విశాలంగా ఆలోచించిన ఆ ఘట్టం మన సంఘాల చరిత్రలో మరిచిపోరానిది.

తెలుగులోనూ మనకు మంచి వారసత్వమే ఉంది. 1943లో తెనాలిలో జరిగిన తొలి అభ్యుదయ రచయితల మహాసభకు అధ్యక్షుడు తాపీ ధర్మారావు. దేవాలయాల మీద బూతుబొమ్మలెందుకని అడిగినవాడు, పెళ్లి పుట్టుపూర్వోత్తరాలను తవ్వినవాడు. పెళ్లి దేవుడు వేసిన ముడి కాదని, చరిత్రలో మారుతూ వచ్చిన ఏర్పాటని చెప్పిన ఆ చూపును ఇంకొంచెం ముందుకు తీసుకుపోతే, స్త్రీపురుష దాంపత్యమొక్కటే ప్రకృతి అన్న మాటను కూడా ప్రశ్నించవలసివచ్చేది. మనం ఆ అడుగు వేయలేదు. 1977లో స్వలింగ ప్రేమికుల పక్షాన ఇంగ్లీషులో ఒక పుస్తకం రాసిన గణితమేధావి శకుంతలాదేవి 1980లో మెదక్‌లో ఇందిరాగాంధీ మీద లోక్‌సభకు పోటీ చేసింది. ఆమె లెక్కల వేగం మనకు గుర్తుండిపోయింది. ఆమె పుస్తకం గుర్తులేదు.

తెలుగు సాహిత్యంలో మార్పు అనువాదం ద్వారా వచ్చింది. తమిళనాడుకు చెందిన ఎ. రేవతి జీవితకథను పి. సత్యవతి 'ఒక హిజ్రా ఆత్మకథ'గా తెలుగు చేసింది. 2019కి కేంద్ర సాహిత్య అకాడమీ అనువాద పురస్కారం దానికి వచ్చింది. ఆ పుస్తకం పేరులో 'హిజ్రా' పక్కన 'ఆత్మకథ' ఉంది. ఎవరి గురించో మనం చెప్పుకునే మాట అయినంత కాలం తిట్టుగా ఉన్నది, తన గురించి తాను చెప్పుకునేసరికి పేరుగా నిలబడింది.

6

మరి ద్వేషానికి ఏ పేరు పెడదాం? కొన్ని ప్రతిపాదనలు వాడుకలో ఉన్నాయి. 'స్వలింగ ద్వేషం' అంటున్నారు. సమాసం విప్పి చూస్తే 'తన లింగాన్ని తానే ద్వేషించడం' అనే అర్థం వస్తుంది. స్త్రీ స్త్రీలను, పురుషుడు పురుషులను అసహ్యించుకోవడం అవుతుంది. కనక అది కుదరదు. 'స్వలింగ సంపర్క భయం' అంటే ఏదో అంటురోగం గురించి హెచ్చరికలా ఉంది. పైగా భయం ఎవరిదో ముందే చూశాం. 'హోమోఫోబియా'ను యథాతథంగా ఉంచుకుంటే మళ్లీ పదో అంతస్తులోనే ఉండిపోతుంది.

ఒక్క ఇంగ్లీషు మాటకు ఒక్క తెలుగు మాట కావాలన్న పట్టుదలే పొరపాటని నా అభిప్రాయం. ఆ ఒక్క మాట కింద నాలుగు వేర్వేరు పనులు దాగున్నాయి. వీధిలో 'తేడా' అనడం వెక్కిరింపు. ఇల్లు అద్దెకివ్వకపోవడం, ఉద్యోగంలో తొక్కిపెట్టడం వివక్ష. కొట్టడం, బయటపెడతానని డబ్బు గుంజడం, కన్నకూతురికి బలవంతంగా పెళ్లి చేయడం హింస. ఈ మూడింటికీ నీడనిచ్చే నమ్మకం, స్త్రీపురుషుల జంటే మనిషితనమని తక్కినవారిని కిందికి నెట్టే భావజాలం ఆధిక్యత. 'పురుషాధిక్యత', 'కులాధిక్యత' మనకు అర్థమైనట్టే 'భిన్నలింగాధిక్యత' కూడా అర్థమవుతుంది. మొదట్లో పంటికింద రాయిలా తగలవచ్చు. 'పితృస్వామ్యం' కూడా మొదట అలాగే తగిలింది. నిందితుడి వైపు కూడా 'సంపర్కం' తీసి 'స్వలింగ ప్రేమ' అందాం. వాళ్లు తమకు తాము పెట్టుకున్న పేరు ఏదైనా ఉంటే అది మనం పెట్టే పేరు కన్న ముందు నిలవాలి.

పొరుగున తమిళులు ఈ పని మొదలుపెట్టారు. 2021లో మద్రాసు హైకోర్టు న్యాయమూర్తి ఆనంద్ వెంకటేశ్ ఇద్దరు స్త్రీల కేసులో ఇచ్చిన ఉత్తర్వుల పర్యవసానంగా, 2022లో అక్కడి ప్రభుత్వం గౌరవప్రదమైన పదకోశాన్ని గెజెట్‌లో ప్రకటించింది. తెలుగు రచయితలు, అధ్యాపకులు, విలేకరులు, ఆ జీవితం జీవిస్తున్నవారు కలిసి కూచుంటే మనకూ అలాంటిది సాధ్యమే. ప్రభుత్వం కోసం ఆగనక్కర్లేదు. 'పితృస్వామ్యం' ఏ గెజెట్‌లోనూ పుట్టలేదు.

మాట మారితే మనిషి మారిపోతాడా అని అడిగేవారు ఉంటారు. మారడు. 'అంటరానితనం' అన్న పేరు వచ్చాక కూడా కారంచేడు జరిగింది, చుండూరు జరిగింది. కాని ఆ పేరు ఉంది కనక అవి నేరాలని చెప్పగలిగాం. కేసు పెట్టగలిగాం, కథ రాయగలిగాం, పాట కట్టగలిగాం. ఈరోజు మన బళ్లలో ఒక పిల్లవాణ్ణి కులం పేరుతో తిడితే, అది నేరమని చెప్పడానికి ఉపాధ్యాయుడికి మాట ఉంది. అదే పిల్లవాణ్ణి నడక చూసి 'ఆడంగి' అని, 'తేడా' అని నలుగురూ తరిమితే, 'వాణ్ణి ఏడిపించకండిరా' అని ఊరుకుంటున్నాడు. ఏడిపించడమంటే పిల్లల అల్లరి. అల్లరికీ అన్యాయానికీ నడుమ ఉన్న తేడా ఆ తరగతిలో చెప్పడానికి ఒక తెలుగు మాట కావాలి. దాన్ని తయారుచేసి ఆ ఉపాధ్యాయుడి చేతికి ఇవ్వడం రచయితల పని.